ఏడిపించడానికి ఇంగ్లీషు మాట

బిలాస్‌పూర్, 1938, శ్రావణ శుక్రవారం. పప్పు రుబ్బాను, బట్టలు ఉతికాను, నీ తమ్ముడికి డ్యూటీ క్యారేజీ కట్టాను. పూజ ఆలస్యమైంది.

వదినా,

నీ కూతురు పైడిని ఈవేళ నా దగ్గర నుంచి తీసుకుపోతారేమోనని హడలిపోయాను. రైల్వే బడి దొరసాని మన క్వార్టరుకే వచ్చింది. “మా అత్త నన్ను రోజూ టార్చర్ చేస్తుంది” అని పైడి ఇంగ్లీషు వ్యాసంలో రాసిందట. తల్లిలేని పిల్లని బోర్డింగులో పెడతానంది.

పైడిని పిలిచాను. “నేనేటి చేసేనే నిన్ను?”

“రోజూ ఏడిపిస్తావు కదత్తా. నిన్న నా జడని ఎలకతోక అన్లేదేటి? ఏడిపించడమంటే డిక్షనరీలో అదే ఉంది.”

దొరసానికి పైడే హిందీలో విప్పి చెప్పింది. ఆవిడ పడీపడీ నవ్వి, ఆ మాట కొట్టేసి ‘టీజ్’ అని రాసింది. ఒళ్లు హూనం చేస్తే టార్చర్, మనసుని కాల్చుకు తింటే టార్మెంట్, సరదాకైతే టీజ్ అట.

“మనకి అన్నిటికీ ఒకటే మాటేటత్తా?”

“మొహం చూస్తే తెలిసిపోతాదిలే, ఎలకతోకా.”

“సరే, బూరి బుగ్గలత్తా.”

నువ్వు పోయాక చాన్నాళ్లు పైడి ఎవరేమన్నా పలికేది కాదు. ఇప్పుడు మాటకి మాట అంటోంది.

కొత్తకోడలిగా వచ్చిన నన్ను నువ్వెంత ఏడిపించావో, అంతా నీ కూతురికి తిరిగి ఇచ్చేశాను. బాకీ చెల్లు.