ఎనక అన్న మాట

నంద్యాల,
ఆదివారం.

మా భార్గవక్కకు చెల్లెలు లావణ్య మొక్కి రాస్తున్నది.

అక్కా, తప్పులుంటే నవ్వొద్దు. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో సగం మర్చిపోయాను. గీతల్లేని కాగితం కాబట్టి వరసలు కూడా కిందికి జారిపోతున్నాయి. అర్థం కాని చోట పైకి చదువుకో. నా గొంతు వినిపిస్తే నీకు అర్థమవుతుంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను ఎప్పుడూ బావ దగ్గరే ఉంటుంది. నేను చేశానంటే ఆయన స్పీకరు పెడతాడు, మీ అత్త, పిల్లలు అందరూ చుట్టూ చేరతారు. "బాగుండావా లావణ్యా?" అని అడిగితే "బాగుండా" అనక ఇంకేమంటాను? పైగా ఇది నోటితో చెప్పగలిగేది కాదు. మేం బాడుగకున్న ఇంటామె అనసూయమ్మ కూతురు ఆళ్లగడ్డలో మీ వీధిలోనే ఉంది కదా, అక్కడికి పోతున్న అనసూయమ్మ చేతికి కవరు అంటించి ఇస్తున్నాను. చదివిన వెంటనే పొయ్యిలో వేసెయ్. నీకు దండం పెడతాను.

అక్కా, నేను బాగాలేను.

మా ఆయన కొట్టడు, తాగడు. అలాంటిదేమీ లేదు. పెద్ద హోటల్లో వంట మాస్టరు అని చెప్పి పెళ్ళి చేశారు, అందులోనూ అబద్ధం లేదు. పొద్దున పోయినవాడు మధ్యాహ్నం భోజనాల జనం తగ్గాక కాసేపు వస్తాడు. చాప మీద వాలి కాళ్ళు గోడకు ఎత్తి పెడతాడు. పిక్కల మీద నరాలు తాళ్ళలాగా లేచి ఉంటాయి. చేతుల నిండా కాలిన మచ్చలు, పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. ఆ చొక్కాలను ఎన్నిసార్లు ఉతికినా ఉల్లిపాయ, నూనె వాసన పోదు. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ పోతాడు. మిగతా లోకానికి పండగ వస్తే, ఆదివారం వస్తే, ఆయనకు పని రెట్టింపు. ఇంట్లో మాట అనేదే లేదు. నీళ్ళు, తలుపు, సబ్బు, ఇవే మాటలు. అమ్మ నేర్పిన గుత్తొంకాయ ప్రాణం పెట్టి చేశాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకు జరిపి పెరుగన్నం కలుపుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచి అదే పెరుగన్నం.

ఇవన్నీ ఓర్చుకుంటానక్కా. ఒక్కటి మాత్రం నా వల్ల కావడం లేదు. మా వంటింట్లో ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఆయన లోపలికి వస్తే చాలు, నా వీపు దగ్గర నిలబడి "ఎనక!" అని అరుస్తాడు. మామూలుగా కాదు, వీధి చివరికి వినబడేటట్టు. మొదటిసారి గరిటె చేతిలోంచి జారి కాలి మీద పడింది. మన నాయన బండి కట్టేటప్పుడు ఎద్దు మూతి మీద చేయి వేసి "ఎనక, ఎనక" అని వెనక్కి నడిపిస్తాడే, అదే మాట. కట్టుకున్న దాన్ని ఎద్దును అన్నట్టు అంటారా ఎవరైనా? రోజూ వినీ వినీ నాకు అర్థమైంది. నువ్వు నాకొద్దు, వచ్చిన దారిన ఎనక్కి పో అని చెప్తున్నాడు. 'పో' అనే సగం నోట్లోనే పెట్టుకుని మిగతా సగం నా మీద విసురుతున్నాడు.

నిన్న అనసూయమ్మ మెట్ల మీద కూర్చుని, "ఏమ్మే లావణ్యా, మీ ఆయన ఇంట్లోకి లారీ తెచ్చినాడా ఏందీ? పొద్దస్తమానం రివర్సు తీస్తాండాడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఏం చేయాలో నువ్వే చెప్పు. ఈ కాగితం మాత్రం కాల్చెయ్ అక్కా.

నీ చెల్లెలు,
లావణ్య


నంద్యాల,
బుధవారం.

అమ్మలాంటి అక్కకు,

నీ జవాబు అనసూయమ్మ తెచ్చి ఇచ్చింది. "నువ్వు ఊఁ అంటే చాలు, ఉయ్యాలవాడ నుంచి నాయన్ను పంపుతా" అని రాశావు. ఊఁ అంటున్నాను.

నిన్న మధ్యాహ్నం నేను రొట్టె కాలుస్తున్నాను. ఆయన గంజి వార్చడానికి అన్నం గిన్నె దించినట్టున్నాడు, నేను చూడలేదు. చెవి దగ్గరే "ఎనక!" అని కేక. ఈసారి మొహం చూసి అడిగేద్దామని గిర్రున తిరిగాను. నా భుజం పట్టి గోడ మీదికి తోశాడక్కా. గిన్నె ఒరిగి గంజి ఆయన పాదం మీద పడింది. నొప్పికి మూలగనైనా లేదు. నన్నే తిట్టాడు. "ఎనక అంటే తిరుగుతావేంది? సచ్చిపోతావు! బుద్ధుందా?" అన్నాడు. తడిగుడ్డ చుట్టుకుని, చెప్పులేసుకుని, అన్నం తినకుండానే పనికి పోయాడు.

ఈ రోజు అరిచాడు, తోశాడు. రేపు ఇంకేమిటో. పెళ్ళాం మీద ఇంత కోపం పెట్టుకున్న మనిషి పక్కన ఎన్నాళ్ళు పడుకోను?

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు నాయనను పంపు. గొడవ వద్దని చెప్పు. బావకు అప్పుడే ఏమీ చెప్పకు. ఈ ఇంటికి ఒకటే తాళం చెవి. శుక్రవారం దాన్ని హోటల్లో ఆయన చేతికి ఇచ్చి, పోతున్నానని మొహం మీద చెప్పి వస్తాను. చెప్పకుండా పారిపోయిందన్న పేరు నాకొద్దు. చెప్పగలనో లేదో తెలీదు.

పోయిన ఉత్తరం కాల్చావు కదా? దీన్నీ కాల్చెయ్.

లావణ్య


నంద్యాల,
శనివారం.

అక్కా, మా అక్కా,

నాయన రాలేదని కంగారు పడుతున్నావేమో. నేనే వద్దన్నాను. ఫోన్ చేసేసరికి ఆయన బస్టాండులో ఉన్నాడు. "ఏందమ్మీ, రమ్మని మీ అక్కతో చెప్పిస్తివి, ఇప్పుడు వద్దంటాండావు! తెల్లచొక్కా ఏసుకోని నిలబడినా నేను" అని విసుక్కున్నాడు. తర్వాత చిన్న గొంతుతో, "నిజంగానే బాగుండావా?" అన్నాడు. బాగున్నానన్నాను. ఈసారి నిజమే చెప్పానక్కా. ఎందుకో నీకు రాయకపోతే నా మనసు నిలవదు. దీన్ని కాల్చమని అడగను. బావ చదివినా పరవాలేదు, మీ అత్త విన్నా పరవాలేదు.

శుక్రవారం తాళం చెవి పిడికిట్లో పెట్టుకుని హోటలుకు పోయాను. ముందు వైపు అద్దాల తలుపు చూసి బెదిరి, వెనక సందులోకి తిరిగాను. అక్కడ తొట్టి దగ్గర ఒకామె నురగలో మోచేతుల దాకా ముంచి గిన్నెలు తోముతోంది. ఆమె పేరు లూదియా అని తర్వాత తెలిసింది.

"ఎవరు కావాలమ్మే?"

"మాస్టరు."

"ఏ మాస్టరు? బిర్యానీకొకడు, తందూరుకొకడు, టిఫిన్లకొకడు. పేరు చెప్పు."

పెళ్ళిలో ముత్తయిదువలు బలవంతాన చెప్పించిన తర్వాత ఆయన పేరు పలకడం అదే మొదలక్కా. "సాయినాథ్" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఓయమ్మ, పెండ్లికూతురివా! రా లోపలికి. జారుతాది, మెల్లిగా" అని తడి చేత్తోనే నా చేయి పట్టుకుంది.

పొయ్యిలోంచి వేడి వస్తుందని తెలుసు గానీ గోడల్లోంచి కూడా వస్తుందని అక్కడే చూశాను. వరసగా పొయ్యిలు, వాటి హోరు మన చేలో బోరు మోటారంత. పొగ కళ్ళను పొడిచింది. కిటికీలోంచి ఒకడు, "రెండు బిర్యానీ, నాటుకోడి ఒకటి, సంగటి మూడు! బేగా మాస్టర్, వాళ్ళు లేచిపోతాండారు!" అని అరుస్తున్నాడు. అది తీసేలోపల ఇంకోటి. మధ్యలో ఓనరు వచ్చి, ఎవరో కూర కారమని తిప్పి పంపారని అందరి ముందూ ఆయన్ను తిట్టి పోయాడు. నీ మరిది చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటూ రెండు కడాయిలు రెండు చేతులతో తిప్పుతున్నాడు. తిప్పుతూనే ప్రతి కూరదీ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకుతున్నాడు.

"పొద్దున్నుంచి ఇదే పని" అంది లూదియా. "ఆ నాలిక ఇంటికి పోయేసరికి చెప్పు తోలైపోయుంటాది. ఏమన్నా తింటాడా?"

"పెరుగన్నం."

"అదన్నా తింటాండాడు, మేలు. ముందున్న మాస్టరు నీళ్ళు తాగి పండుకుంటాండె."

అప్పుడు వినిపించింది. "ఎనక!"

ఆయన గొంతు కాదు. ఎవరో. నా ఒళ్ళంతా ఉలిక్కిపడింది. పక్కకు తప్పుకోబోయాను. లూదియా నా రెండు భుజాలూ పట్టి, "కదలొద్దు తల్లీ!" అంది. పొగలు కక్కే పులుసు షేర్వా ఉన్న పెద్ద డేక్సాను ఇద్దరు మనుషులు మోసుకుంటూ నా వీపును రాసుకున్నట్టే పోయారు. అటుపక్క నుంచి ఇంకొకడు "ఎనక!" ఇటు నుంచి నీ మరిది "ఎనక, ఎనక!" అందరూ అందర్నీ అంటున్నారు. ఎవరూ తల తిప్పడం లేదు, ఎవరికీ కోపం రావడం లేదు.

"ఎనక అంటే... పొమ్మనా?" అని అడిగాను.

"పొమ్మనేదేంది? నీ ఎనక నిప్పు వస్తాంది, ఉన్నచోటనే ఉండు అని!"

అక్కా, ఎద్దులకు ఆ మాట చెబితే కదలాలి. అక్కడ మనుషులకు చెబితే కదలకూడదు.

తందూరు దగ్గర ఎడ్విన్ అని ఒకాయన ఉన్నాడు. నా మొహం చూసి చొక్కా చేయి పైకి లాగి చూపించాడు. మోచేతి నుంచి భుజం దాకా చర్మం కాచిన పాల మీగడలాగా ముడతలు పడిపోయింది. "పోయిన ఎండాకాలం ఒకడు నోరు మూసుకోని నా ఎనక నూనె కడాయి తెచ్చినాడు వదినా. నేను తిరిగినా. నన్ను ఎత్తుకోని ఆసుపత్రికి ఉరికింది మీ ఆయనే. అప్పటి నుంచి ఎనక అనకుండా ఎవడన్నా నడిస్తే వాని పని అయిపోయినట్టే" అన్నాడు.

నేను నీ మరిది పాదం వైపు చూశాను. రబ్బరు చెప్పులో, గుడ్డకట్టు తడిసి ఉంది. మంగళవారం నేను తిరిగినప్పుడు గిన్నె నా వైపే ఉంది. భుజం పట్టి నన్ను గోడకు తోసి, గంజి తన మీదికి వంచుకున్నాడు. అంత దగ్గర నుంచి చూసి కూడా ఆయన తోయడం ఒక్కటే చూశాను.

అప్పుడు ఆయన నన్ను చూశాడు. మొహం తెల్లబోయింది. "ఏమైంది? మీ నాయనకేమన్నా...?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "ఆడ కూర్చో" అని ఉల్లిపాయల బస్తా చూపించాడు. జనం తగ్గాక వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. మోకాళ్ళు టకటకమన్నాయి.

"చెప్పు."

"నాయన వస్తాండాడు. నేను పోతాండా."

"యాడికి? ఎందుకు?"

"నువ్వే కదా రోజూ ఎనక ఎనక అంటాండావు."

లూదియా ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. నన్నే చూస్తూ, "ఇంట్లో గూడా అంటాండానా?" అన్నాడు.

అక్కా, ఆయనకు తెలియదు! తన నోట్లోంచి ఆ మాట వస్తోందని ఇంతవరకూ తెలియదు. "అనసూయమ్మకు గూడా ఇనపడతాది" అన్నాను. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నువ్వు పొయ్యి ముందర కనపడితే నేను యాడుండానో మర్సిపోతా లావణ్యా. ఆ పొద్దు నువ్వు తిరిగినావు చూడు, నాకు వీని చేయి కనపడింది" అని ఎడ్విన్ వైపు చూపించాడు.

ఎడ్విన్ అందుకున్నాడు. "మీరే నయం మాస్టర్. నేను చర్చిలో ఆమెన్ అనాల్సిన చోట 'అయిపాయె సార్, తెస్తాండా' అనేసినా. గుడి గుడంతా నా దిక్కే సూసింది."

అప్పుడు నవ్వాడక్కా నీ మరిది. పై వరసలో ఒక పన్ను కొంచెం వంకరగా ఉంటుందని నాకు నిన్ననే తెలిసింది.

"పోతావా?" అని అడిగాడు మళ్ళీ.

తాళం చెవి పిడికిట్లోనే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, "పోను. కానీ గోడతో కాపురం చేయలేను. వారానికి ఒక పొద్దన్నా నాతో మాట్లాడు" అన్నాను. ఇంత పెద్ద మాట నేను ఎవరితోనూ అని ఉండను. ఆయన లేచి తిన్నగా ఓనరు దగ్గరికి పోయి మంగళవారాలు సెలవు కావాలన్నాడు. "మాస్టరే సెలవంటే హోటలుకు తాళమేయల్లనా?" అని ఓనరు ఎగిరాడు. "మంగళవారం మాంసం తినేటోళ్ళు తక్కువ సార్, నేను చూసుకుంటా" అని ఎడ్విన్ అడ్డం పడ్డాడు. సణుక్కుంటూనే సరే అన్నాడు ఓనరు.

సాయంత్రం పనికి పోయే ముందు వేడినీళ్ళ గిన్నెతో వంటింటి గడప దగ్గరే నిలబడిపోయాడు. ఏమనాలో తెలియక నోరు తెరుస్తాడు, మూస్తాడు. "అను, పరవాలేదు, నేను కదలను" అన్నాను. మెల్లగా అన్నాడు. కింద అనసూయమ్మకు కూడా వినపడనంత మెల్లగా.

ఆ వంటగది మారదక్కా. ఈ రోజూ పోయాడు, రేపు ఆదివారం, ఇంకా ఎక్కువ జనం. పాదం మానకముందే నిలబడాలి. కాలిన మచ్చలు ఇంకా పడతాయి. అది తలుచుకుంటే భయంగానే ఉంది. కానీ ఆ కోపం, ఆ కేక నా మీద కాదని తెలిశాక గుండె మీది బరువు దిగిపోయింది. నిన్న ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మంగళవారం ఇద్దరం మీ ఇంటికి వస్తున్నాం. నాయనను కూడా అక్కడికే రమ్మను. తోడల్లుడు మాస్టరు కదా అని బావ ఆయన్ను వంటింట్లోకి పంపుతాడేమో, పోనీయకు. కూర్చోబెట్టు. కారం లేని పప్పు, ఒక చారు చాలు. సాయంత్రం పోతామంటే మీరంతా నన్ను పట్టుకుంటారు, నాకు తెలుసు. రెండు రోజులుండి పొమ్మంటావు. నీ మొహం చూస్తే నేనూ సరేనంటాను. అనొద్దక్కా. ఎంత ఏడ్చినా వినకుండా, చివరి బస్సుకైనా సరే, నన్ను ఆయనతో పంపించెయ్.

మీ అందరికీ నమస్కారాలతో,
నీ చెల్లెలు,
లావణ్య