నువ్వు జారిపడలేదట బావా

బావా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నిన్న మిలిటరీ ఆఫీసు వాళ్లు నీ రికార్డు దిద్ది పంపారు. 'మెట్లమీద జారిపడి కాలు విరిగింది' అన్నచోట 'యుద్ధంలో తూటా గాయం' అని ఉంది.

పటాలంలో నీతో పనిచేసిన అప్పలసామన్న సాక్ష్యం ఇచ్చాడట. "నువ్వు నీళ్లోసుకున్నావని ఉత్తరం వొచ్చిన వారమే తూటా తగిలింది సెల్లీ. నువ్వు బెంగెట్టుకుంటావని, జారిపడ్డానని రాసీమని డాక్టర్ని బతిమాలాడు," అన్నాడు.

నాకేం తెలుసు? కాలిమీద మచ్చ ఆపరేషన్‌దన్నావు, నమ్మాను. నలభై ఏళ్లు, కళింగపట్నం ఇసుకలో నువ్వు కుంటుతూ వెనకబడ్డప్పుడల్లా "కళ్లెక్కడెట్టుకుని దిగావేటి ఆ మెట్లు?" అని తిట్టాను. నువ్వు నవ్వేవాడివి.

గుండెల్లో నొప్పని నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఆటో వచ్చిన రోజు, మన గుమ్మం మెట్లమీద కూడా "ఈసారైనా సూసుకుని దిగు" అన్నాను. నువ్వు నవ్వావు. ఆటోలోనే కళ్లు మూశావు.

నువ్వు విన్న నా ఆఖరి మాట అదే బావా.