పేరు మార్చాను

నవంబర్ 14, కోసిగి

చదివేశాను! నా థీసిస్‌కు రెండు పేజీల తెలుగు సారాంశం, బడి వరండాలో నిలబడి. ఎవరి మాటలు రాసుకున్నామో వాళ్లకే ముందు వినిపించాలి — ఎం.ఏ. అభివృద్ధి అధ్యయనాల్లో చేరాక మా డిపార్ట్‌మెంట్‌లో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన నియమం ఇదొక్కటే. వలస కూలీల మీద రాసింది వలస కూలీలే వినాలి కదా. నలభై మంది దాకా వచ్చారు. 'ఎడమచేత్తో మిరపకాయలు కోసే ఒక ఒంటరి మహిళ...' అన్న చోట అందరూ గొల్లున నవ్వారు. "మన ఈరమ్మే గదా!" అని ఎవరో అరిచారు. ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గు కాబోలు.

వాళ్లను ఏటా గుంటూరు మిరప కోతకు తీసుకుపోయే మేస్త్రి హనుమంతు కూడా ముందు వరసలోనే కూర్చున్నాడు. అయిపోయాక నాకు టీ తెప్పించాడు. "శానా బాగ రాసినారు మేడం."

బాగా సంతోషంగా ఉంది.

నవంబర్ 15

బస్సులో ఆదోని దాటాక తట్టింది. ఆమెను ఎవరూ గుర్తుపట్టకూడదు కదా...

నవంబర్ 17, కడప

ఇంటికొచ్చి మళ్లీ చదివాను. పేరు మార్చాను. ఊరు మార్చాను. వయసు కూడా రెండేళ్లు తగ్గించాను. ఎడమచెయ్యి మాత్రం ఉంచాను. ఎందుకు ఉంచానో నాకు తెలుసు — మొదటి చిత్తుప్రతిలో గైడ్ మేడం ఆ వాక్యం పక్కన 'సజీవంగా ఉంది' అని రాశారు. ఆ రెండు మాటల కోసం.

దాని కిందే అసలు సంగతి. బండి ఎక్కేటప్పుడు మేస్త్రి అందరి ఆధార్ కార్డులూ తీసుకుని తన సంచిలో పెట్టుకుంటాడు. కోత అయ్యేదాకా ఇవ్వడు. నిరుడు హాస్టల్లో ఉన్న కూతురికి జ్వరమొస్తే పోతానని ఈరమ్మ అడిగింది. కార్డు ఇవ్వలేదు. పదకొండు రోజులు ఏడుస్తూ కాయలు కోసింది. ఇదంతా నేను హనుమంతు ఎదురుగానే చదివాను. గట్టిగా, స్పష్టంగా.

నవంబర్ 25

ఏమీ కాలేదు. అనవసరంగా భయపడ్డాను.

డిసెంబర్ 3

ఈరమ్మ ఫోన్.

"పాపా, ఈసారి బండిలో జాగా లేదంటాండాడు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. శెనక్కాయ మొత్తం ఎండిపోయిందట, ఊళ్లో పని లేదు. మేస్త్రి కాదన్న మనిషిని ఇంకో జట్టు చేర్చుకోదు. "కార్డుల మాట నీకొక్కదానికే గదా నేను చెప్పింది..." అని ఆగిపోయింది. నేను 'సారీ' అన్నాను. ఛీ, ఎంత తేలిక మాట!

డిసెంబర్ 4

మగ్గం దగ్గర కూర్చుని నాన్నకు చెప్పాను. ఇలా జరుగుతుందని ఎవరికి తెలుసు నాన్నా, అన్నాను. ఆయన నేత ఆపలేదు.

"ఆయమ్మకు పని పాయ. నీకేం పాయ?"

లేచి వచ్చేశాను.

డిసెంబర్ 6

గైడ్ మేడంతో మాట్లాడాను. "కన్సెంట్ ఫారం ఉంది కదా? సంతకం ఉంది కదా? అయితే నీ తప్పు లేదు." మధ్యాహ్నం దాకా ఆ మాటతో హాయిగా ఉన్నాను. ఉన్నందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

డిసెంబర్ 9, కోసిగి

ఈరమ్మ కోసం అడుగుదామని పోతే హనుమంతు కుర్చీ వేయించాడు. మర్యాదకేం లోటు లేదు. "నేనేమన్నా దొంగనా మేడం? కార్డులు నా కాడ లేకుంటే సగం మంది నడిమధ్యలోనే లేసిపోతారు. రైతుకు ఎవరు జవాబు చెప్పాల?"

చివరికి ఒక దారి చూపించాడు. "ఆయమ్మ అట్ల చెప్పలేదు, మీరే రాసుకున్నారని ఆ వరండాలోనే చెప్పండి. బండెక్కిచ్చుకుంటా."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ఈరమ్మ ఇంటికి పోయాను — అధికారులకు అర్జీ ఇద్దాం, నేనే రాస్తాను, తోడుగా వస్తాను...

ఆమె రొట్టె తడుతూ విన్నది. "ఆఫీసరు వస్తాడు, పోతాడు. నువ్వు గూడా పోతావు. బండి శనివారం పోతాది."

"నువ్వు చెప్పింది నిజమే కదా ఈరమ్మా?"

"నిజమే. అయితే ఏంది? నేను చెప్పలేదని చెప్పు పో."

రొట్టె పెట్టింది. ఎడమచేత్తోనే. తిన్నాను.

డిసెంబర్ 10

చెప్పాను.

"కార్డుల సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనే ఊహించి రాశాను." అదే వరండా. ఈసారి ఇరవై మంది. ఎవరూ నవ్వలేదు. వాళ్లందరి కార్డులూ ఏటా ఆ సంచిలోకే పోతాయి, నేను అబద్ధమాడుతున్నానని అందరికీ తెలుసు. "సదువుకున్న పిల్లోల్లు ఇట్ల లేనిపోనివి రాస్తే ఎట్లమ్మా?" అని ఒక పెద్దావిడ మందలించింది. హనుమంతు వినాలని కాస్త గట్టిగానే. తల వంచుకున్నాను. నటించనక్కర్లేకపోయింది.

డిసెంబర్ 13

బండి పోయింది. ఈరమ్మ ఎక్కింది.

జనవరి 18, కడప

గైడ్ మేడం మెయిల్. ఈరమ్మ సంగతి ఉన్న ఐదో అధ్యాయమే మొత్తానికి ప్రాణమట. ఎడమచెయ్యి తీసేసి మిగతాది అలాగే ఉంచమంటారు. ఆ ఊళ్లో ఇంగ్లీషు థీసిస్ చదివేదెవరు అంటారు. నిజమే, ఎవరూ చదవరు.

కానీ ఊళ్లో అబద్ధమని చెప్పినదాన్ని యూనివర్సిటీలో నిజమని ఇవ్వాలి. తీసేస్తే, ఈరమ్మ ఏడ్చిన పదకొండు రోజులూ ఎక్కడా ఉండవు. ఉంచితే, ఆమె నా చేత వెనక్కి తీయించిన మాటను నేను మళ్లీ దొంగిలించినట్టే. డిగ్రీ నాకు. ప్రతిసారీ నాకే.

జనవరి 19

తీసేశాను. సాయంత్రం మళ్లీ పెట్టాను.

జనవరి 30

మూడు రోజుల్లో సమర్పించాలి. ఇంకా తేల్చుకోలేదు.

ఇందాక ఈరమ్మ ఫోన్ చేసింది. వెనకాల జనం మాటలు, కుక్క అరుపు. బాగుండానంది. కూతురికి మార్చిలో పరీక్షలని చెప్పింది. కార్డుల సంగతి నేను అడగలేదు. తనే చెప్పింది.

"తీసుకున్న్యాడు పాపా. ఈసారి ఫోన్లు గూడా తీసుకున్న్యాడు. పొద్దుమునిగినంక ఒక గడియ ఇస్తాడు, అంతే. బయట మాట్లాడతాండారని."

ఫోన్లు నిరుడు తీసుకోలేదు. నేను చదవకముందు తీసుకోలేదు.

ఈరమ్మే అంది — "ఊరికే చెప్తాండా. ఎవరికన్నా చెప్పుకోవాల గదా. నువ్వు మాత్రం రాయాకు."

రాయనని మాటిచ్చాను. ఇచ్చి పది నిమిషాలు కూడా కాలేదు, ఇదిగో, రాస్తూనే ఉన్నాను...