వెనక్కి పంపిన కాంక్రీటు

పెద్దోడా, నేనూ నీ కూతురూ కులాసా. కాలేజీ వాళ్లే పిల్లల్ని సైటుకు పంపి పని నేర్పిస్తుంటే, సిమెంటులో తిరగడం ఇంజనీరు చదువా, వచ్చెయ్ అన్నావట. నిన్న నేనే వెళ్లి చూశాను. లారీలో వచ్చిన కాంక్రీటును నీ కూతురు అడుగులేని గరాటులాంటి డబ్బాలో కూరి, డబ్బా పైకి లాగింది. ముద్ద నిలవక జావలా జారిపోయింది.

"నీళ్లెక్కువయ్యాయి, వెనక్కి తీసుకెళ్లండి" అంది.

"పుస్తకంలో చదివావా తల్లీ?" అని డ్రైవరు వెక్కిరించాడు.

"చదివాను. ఇప్పుడు కళ్లతో చూశాను కూడా."

పెద్ద ఇంజనీరు తలూపాడు, లారీ తిరిగిపోయింది. నా కడుపు నిండిందిరా. నేను చెబుతుంటే ఈ కార్డు రాస్తున్నదీ నీ కూతురే. "ఇది వద్దు నానమ్మా" అని కలం ఆపితే, రాయవే అని కసిరాను.

దానికి గట్టి బూట్లు పంపు. వంటింటి గోడ ఇంకా చెమ్మగిల్లుతోందా? ఇది వచ్చి చూసేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు. కోడలికి నా దీవెనలు. నీకు మాత్రం నీ జవాబు విన్నాకే.