ఆడకుండా గెలిచిన జట్టు

జెద్దా,
2018 జనవరి 21, ఆదివారం

జూనియర్ రగ్బీ లీగు సెక్రటరీ జనార్దన్ సారుకు జెద్దా నుంచి భోజన్న నమస్కారాలు.

ఇక్కడ గడ్డి క్షేమం. పిల్లలే తగ్గుతున్నారు.

నేనెవరో మీకు తెలియదు కాబట్టి ముందు అది చెప్పుకోవాలి. ఇక్కడ విదేశీ కుటుంబాలు ఉండే కాంపౌండులో ఆట మైదానం చూసుకునే పని నాది. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్లో ఉన్నన్నాళ్లు గడ్డి పీకి బతికాను, ఇక్కడ పదకొండేళ్లుగా గడ్డి పెంచి బతుకుతున్నాను. ఫోన్లో ఈ మాట ఎత్తితే మా ఇంటిది ముత్తవ్వ ఒకటే నవ్వు. "పీకెటోన్ని తీస్కపోయి పెంచుమన్నరా? ఆ దేశపోళ్లకు నువ్వే దొరికినవా?" అంటుంది.

మా పన్నెండేళ్లలోపు పిల్లల జట్టుకు కోచ్‌గా ఉన్న దక్షిణాఫ్రికా ఇంజనీరు డిసెంబరులో ఎగ్జిట్ మీద ఈ దేశం వదిలి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ విజిల్ నా మెడలో వేశాడు. ప్రతి శుక్రవారం తప్పకుండా మైదానానికి వచ్చేది నేనొక్కణ్నేనట. నేను వచ్చేది సున్నం గీతలు గీయడానికి సారూ, ఆట తెలిసి కాదు.

మొన్న శుక్రవారం తాయిఫ్ జట్టు రావాలి. మా తొమ్మిది మంది పిల్లలు బూట్లు కట్టుకుని పది గంటల దాకా నిలబడ్డారు. పురుగు కూడా రాలేదు. ఇలాంటప్పుడు ఏమని రాసుకోవాలి? మా ముదీర్, అంటే కాంపౌండు మేనేజరు, ఈజిప్టు ఆయన, మైదానానికి ఒక రిజిస్టరు పెట్టాడు. వరసగా నాలుగు శుక్రవారాలు మ్యాచ్ లేకపోతే గడ్డి తీసేసి కార్ల పార్కింగు చేస్తానన్నాడు. గడ్డి పోతే నన్నూ పంపించేస్తారు. నేను ఎప్పటికైనా పోవలసినవాణ్నే, దానికి బెంగ లేదు. ఆ గడ్డి మీద తారు పోస్తుంటే మాత్రం చూడలేను.

మీకు వాట్సాప్ పెడితే జవాబు లేదు. మీరు కాగితం మీద ఉంటేనే చదువుతారని యాంబు బస్సు నడిపే ఖాదర్ భాయ్ చెప్పాడు. ఇది ఆయన చేతికే ఇస్తున్నాను.

ఇట్లు,
భోజన్న

తా.క.: ఈ ఆటలో ముందుకు పోవాలంటే బంతిని వెనక్కి విసరాలట. పట్టుబడినా లేచి మళ్లీ ఆడొచ్చట, అలా ఆరుసార్లు. నిజమేనా? మా కబడ్డీలో ఒక్కసారి పట్టుబడితే అవుట్. ఈ దేశంలో అకామా కార్డు లేకుండా పోలీసులకు దొరికినా అంతే. ఆరు అవకాశాలిచ్చిన ఆ ధర్మాత్ముడు ఎవరు సారూ?

—

యాంబు,
2018 జనవరి 25
మా నంబరు: జూ.ర.లీ./14

శ్రీ భోజన్న గారికి,

మీ ఉత్తరం అందింది. అందినట్టు రిజిస్టరులో చేర్చాను. చేర్చినట్టు తెలియజేయడానికే ఇది.

నేను ఇక్కడ ఒక రిఫైనరీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. మాది అమలాపురం. మా దగ్గర కాగితం కదలనిదే గొట్టంలో నూనె కదలదు. లీగును కూడా అలాగే నడుపుతున్నాను. ఈ నియమాలు రాసిన ఇంగ్లీషాయన వెళ్ళిపోయి అయిదేళ్లయింది గానీ, నియమాలకు ఎగ్జిట్ లేదు కదండీ.

పదిహేడో నియమం చూడండి. అవతలి జట్టు రాకపోతే, ఇవతల ఏడుగురు పిల్లలు జెర్సీలు వేసుకుని హాజరైతే, దాన్ని వాకోవర్ అంటారు. మీకు రెండు పాయింట్లు. మ్యాచ్ జరిగినట్టే లెక్క. మీ ముదీర్ గారి రిజిస్టరులో నిస్సంకోచంగా "మ్యాచ్" అని రాయించండి. ఇందుతో ఫారాలు పంపుతున్నాను, చేతిరాతతో నింపాలి.

పోయిన జూలైలో విదేశీ కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను పడ్డప్పటి నుంచి అన్ని ఊళ్లలోనూ పిల్లలు తగ్గారు. దిగులు పడకండి, మ్యాచ్ తేదీల ఫిక్చర్ల పట్టిక మాత్రం పూర్తిగా ఉంది.

భవదీయుడు,
జనార్దన్, గౌరవ కార్యదర్శి మరియు యాంబు జట్టు మేనేజరు

తా.క.: ఆరు అవకాశాల మాట నిజమే. కనిపెట్టింది ఇంగ్లీషువాళ్లు. మనల్ని పట్టుకున్నప్పుడు మాత్రం రెండు వందల ఏళ్లు లేవనివ్వలేదు.

—

జెద్దా,
2018 ఫిబ్రవరి 18

సెక్రటరీ సారుకు భోజన్న నమస్కారాలు.

మీ ఫారాలు బంగారం సారూ. ఈ నాలుగు వారాల్లో తాయిఫ్ రెండుసార్లు, రాబిగ్ రెండుసార్లు రాలేదు. నాలుగుసార్లూ మేమే గెలిచాం. ముదీర్ నాలుగుసార్లూ "మ్యాచ్" అని రాసుకుని నా వైపు అదోలా చూశాడు.

మీరు పంపిన పాయింట్ల పట్టిక కాంపౌండు గోడకు అంటించాను. పైన మేము, మా పక్కనే సమానంగా యాంబు. సారూ, మీ జట్టు ఓటమే ఎరగదా? మా పిల్లలు పట్టిక చూసి గుటకలు మింగుతున్నారు. వాళ్లకు ధైర్యం కోసం నాకు వచ్చిన విద్య నేర్పిస్తున్నాను. బంతి చంకలో పెట్టుకుని "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడుతూ ఉరకాలి. ఫిలిప్పీన్స్ పిల్లకు ఊపిరి ఎక్కువ, గీత దాకా ఆపదు. హైదరాబాదు పిల్లగాడు ఫయాజ్ తొమ్మిదేళ్లవాడు, కాళ్లు పట్టుకున్నాడంటే ఉడుమే.

పిల్లలు ఏడుగురికి తగ్గారు. సరిగ్గా నియమానికి సరిపోయారు. వాళ్లలో ఎవరికీ జలుబు చేయకుండా నిమ్మకాయ నీళ్లు తాగిస్తున్నాను.

ఇట్లు,
భోజన్న

తా.క.: బంతి ముట్టకుండా నాలుగు గెలిచాం కదా, అసలు బంతి ఎందుకు? నాకు కోపం కాదు సారూ, తెలుసుకుందామని.

—

యాంబు,
2018 ఫిబ్రవరి 22
మా నంబరు: జూ.ర.లీ./19

భోజన్న గారికి,

మీ ఉత్తరం చదివి కాస్త కలవరపడ్డాను. మా యాంబుకు తాయిఫ్ వాళ్లు రాలేదంటే దూరం అనుకోవచ్చు. మీ దగ్గరికి కూడా రావడం లేదంటే అది భయమే. కూత పెడుతూ మీదకొచ్చే పిల్లలని ఊరూరా పాకిపోయి ఉంటుంది. ఈ విషయం ఇంతవరకు మీరు ఆఫీసుకు ఎందుకు తెలియజేయలేదు?

నియమాల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాను. కూతకు నిషేధం లేదు, అనుమతీ లేదు. "పరిశీలనలో ఉంది" అని రాసి పెట్టాను.

భవదీయుడు,
జనార్దన్

తా.క.: మీవాళ్లకు ఏం పెడుతున్నారో కనుక్కోమని మా జట్టు తల్లులు అడుగుతున్నారు. నిమ్మకాయ నీళ్లంటే ఎవరూ నమ్మడం లేదు.

—

జెద్దా,
2018 మార్చి 25

సెక్రటరీ సారుకు,

బడి పరీక్షలు అయిపోయాయి. ఇక్కడ రోజూ ఏదో ఒక ఇంటి ముందు అట్టపెట్టెలే. పోయేముందు పిల్లలు బూట్లు తెచ్చి నా గదిలో పెట్టి పోతున్నారు. పద్నాలుగు జతలున్నాయి, నా పాదానికి ఒక్కటీ పట్టదు.

మొన్న శుక్రవారం మీ పట్టికలో మాకు మ్యాచే లేదు. మూడు వారాల దాకా గడులన్నీ ఖాళీ. ముదీర్ రిజిస్టరులో ఎర్ర సిరాతో గీత కొట్టి, ఒక వేలు చూపించాడు. ఇంక మూడు వేళ్లున్నాయి. గడులు ఎందుకు ఖాళీ సారూ?

మా జట్టు బాగానే ఉంది. ఎంత మంది అని మీరు అడగలేదు కాబట్టి నేను రాయలేదు.

ఇట్లు,
భోజన్న

—

యాంబు,
2018 మార్చి 29
మా నంబరు: జూ.ర.లీ./23

భోజన్న గారికి,

తాయిఫ్, రాబిగ్ జట్లు రద్దయ్యాయి. లేని జట్టు మీద వాకోవర్ కుదరదు. మిగిలింది మనమిద్దరమే. ఏప్రిల్ 13 శుక్రవారం, జెద్దాలో, ఫైనల్.

ఇరవై ఒకటో నియమం గుర్తుంచుకోండి. ఒక జట్టు వస్తే చాలు, మ్యాచే. ఏ వైపూ ఏడుగురు లేకపోతే మాత్రం రద్దు. రద్దును మ్యాచ్ అని రాయకూడదు. మీ వేళ్ల లెక్కలో అది నాలుగో శుక్రవారం అని నాకు తెలుసు. అందుకే ఆ తేదీ వేశాను.

భవదీయుడు,
జనార్దన్

తా.క.: మా జట్టు పూర్తి బలంతో ఉంది. ఈ వాక్యాన్ని రిజిస్టరులో చేర్చలేదు.

—

జెద్దా,
2018 ఏప్రిల్ 1

జనార్దన్ సారుకు,

తప్పకుండా రండి. ఎండ పడకుండా టెంటు వేయిస్తాను, బిర్యానీ చెప్పాను. మేము ఓడిపోయినా బాధ లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఓడించి పంపే అలవాటు మా దిక్కు లేదు. ఒకవేళ మావాళ్లకు ఆ రోజు కడుపునొప్పి వచ్చినా, మీరు వస్తే చాలు, గెలుపు మీదే. మ్యాచ్ అని రాసుకుంటారు.

ఇట్లు,
భోజన్న

తా.క.: ఏడుగురూ వస్తున్నారు కదా?

—

యాంబు,
2018 ఏప్రిల్ 5

భోజన్న గారికి,

ఎంత మాట! మీ గడ్డి మీద మీరే గెలవాలి. పరాయి ఊరు వెళ్ళి కప్పు ఎత్తుకొచ్చేటంత కక్కుర్తి మా గోదావరి వాళ్లకు లేదండీ. దారిలో మా బస్సు చెడిపోయినా మీరు మీ పిల్లలను నిలబెట్టండి, చాలు. పదిహేడో నియమం మీ వెనకే ఉంది.

భవదీయుడు,
జనార్దన్

తా.క.: మీకు ఏడుగురు ఉన్నారు కదా? ఈ ఉత్తరానికి నంబరు వేయలేదు.

—

జెద్దా,
2018 ఏప్రిల్ 10

జనార్దన్ సారూ,

ఇంక దాచలేను. నా దగ్గర ఉన్నది ఒక్క ఫయాజ్. మిగతా అందరూ మార్చిలోనే పోయారు. ఫిలిప్పీన్స్ పిల్ల విమానాశ్రయానికి పోయే కారులో కూడా కూత పెట్టిందట, వాళ్ల నాన్న చెప్పాడు.

మీ జట్టు వస్తుందన్న ఆశతోనే రోజూ నీళ్లు పెడుతున్నాను. వచ్చి మమ్మల్ని చిత్తుగా ఓడించండి. గడ్డి బతుకుతుంది.

ఇట్లు,
భోజన్న

—

యాంబు,
2018 ఏప్రిల్ 10

భోజన్న గారూ,

మా జట్టులో ఎవరూ లేరండీ. "ఎవరూ" అంటే ఎవరూ. చివరి ఆటగాడు మా అబ్బాయి. మార్చి 20న వాణ్నీ వాళ్లమ్మనీ నేనే విమానం ఎక్కించాను.

ఆ తర్వాత కూడా ఫైనల్ ఎందుకు పెట్టావని అడుగుతారు. మీకు ఏడుగురుంటే మీ గడ్డి దక్కుతుందనుకున్నాను, అది నిజం. ఇంకో నిజం కూడా ఉంది. గురువారం ఆఫీసు నుంచి వచ్చాక ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఫిక్చర్లు రాస్తూ కూర్చుంటే తెల్లారి ఏదో జరగబోతోందని అనిపించేది. వాడు లేని శుక్రవారం నాకు చాలా కష్టంగా ఉంది భోజన్న గారూ. మీ పిల్లలను నిలబెట్టండి.

మీ
జనార్దన్

—

జెద్దా,
2018 ఏప్రిల్ 14, శనివారం

తమ్ముడు జనార్దన్‌కు అన్న భోజన్న రాసేది.

ఖాదర్ భాయ్ ఒక చేత్తో మీ ఉత్తరం ఇచ్చి, రెండో చేత్తో నాది తీసుకుపోయాడు. మీది చదివి పరుగెత్తుకొచ్చేసరికి బస్సు కదిలిపోయింది. పాయింట్ల పట్టిక చూసుకుని ఇద్దరం ఒకరికొకరం భయపడి చచ్చాం చూడండి!

నిన్నటి సంగతి వినండి. ఎలాగూ ఆఖరి రోజని సున్నం రెండు పూతలు వేశాను. ఫయాజ్ జెర్సీ వేసుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఎవరూ లేకపోతే బాగుండదని నేను అవతల నిలబడ్డాను. అప్పుడు రిజిస్టరు పట్టుకుని ఎవరో కుర్రాడు వచ్చాడు, పాతికేళ్ల సౌదీ, పేరు బందర్. మన ఈజిప్టాయన ఏడీ అంటే, బుధవారమే ఎగ్జిట్ అట! సౌదీల శాతం చూసి కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో మా కంపెనీ రంగు పడిపోయిందని మేనేజరు ఉద్యోగం ఈ సౌదీకి ఇచ్చేశారు. మూడు నెలలు ఎవరి రిజిస్టరు చూసి వణికానో ఆయనే నాకంటే ముందు పోయాడు. పోయేముందు ఒక సలాం చెప్పుకోలేకపోయానే అని బాధే అనిపించింది.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఇది నాలుగో శుక్రవారం, పిల్లలు లేరు, మ్యాచ్ లేదు, పార్కింగు చేసుకోండి అన్నాను. బందర్ నన్ను గేటు దాకా తీసుకుపోయి చూపించాడు.

"పార్కింగా? కార్లు ఎక్కడున్నయి సదీక్?" అన్నాడు, దోస్తును పిలిచినట్టు, వచ్చిన హిందీలో.

నూట ఇరవై ఇళ్లలో ఎనభై ఆరు ఖాళీ తమ్ముడూ. ఉన్న పార్కింగులోనే పిల్లులు పడుకుంటున్నాయి. పిల్లలను తీసుకుపోయిన లెవీయే కార్లనూ తీసుకుపోయింది. ఆ ముక్క నాకూ తట్టలేదు, ఆ ఈజిప్టాయనకూ తట్టలేదు. గడ్డి ఉంటుంది, నేనూ ఉంటాను.

కథ ఇంతటితో అయిపోలేదు. "ఇదేం ఆట?" అని బందర్ అడిగాడు. ఫయాజ్ బడి అరబ్బీలో చెప్పి, బంతి ఆయన చేతిలో పెట్టి, ఉరకమన్నాడు. ఆయన తెల్లటి పొడుగు తోబు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని నాలుగడుగులు ఉరికాడో లేదో, ఫయాజ్ కాళ్లు పట్టుకున్నాడు. కొత్త ముదీర్ బోర్లా పడ్డాడు. నేను ఉరికి లేపబోయాను. వీడేమో పైన కూర్చుని, "లేవండి సార్, ఇంకా అయిదుసార్లున్నయి!" అంటున్నాడు. బందర్ ఆరుసార్లూ పడ్డాడు. పడి లేచి, "మా అన్నల పిల్లలు, అక్కల పిల్లలు పది మందిదాకా ఉన్నారు, శుక్రవారం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, తీసుకురానా?" అని అడిగాడు.

తమ్ముడూ, ఎగ్జిట్ లేని పిల్లలు వాళ్లు. ఈ దేశం నిండా ఉన్నారు. గోడకు ఇవతల నిలబడి పిల్లలు లేరు, పిల్లలు లేరని ఇన్నాళ్లు ఏడ్చాం. తలుపు తీసి ఒక్కరినైనా ఆడతావా అని అడిగామా?

మీ యాంబులోనూ గోడ అవతల ఉంటారు. వెళ్ళి అడగండి. పద్నాలుగు జతల బూట్లు ఖాదర్ భాయ్‌తో పంపిస్తాను. మే నెల మొదటి శుక్రవారం ఫిక్చరు వేయండి. ఈసారి నిజంగా రావాలి.

మీ అన్న,
భోజన్న

తా.క.: సౌదీలు బాగా ఎక్కువున్న కంపెనీకి ప్రభుత్వం ప్లాటినం అని అన్నిటికన్నా పై రంగు ఇస్తుంది కదా. వచ్చే శుక్రవారం నుంచి మా జట్టులో పది మంది సౌదీలు, ఒక్క ఫయాజ్. ఎంతైనా మాది ప్లాటినమే. జూన్‌లో వాడు కూడా ఎగ్జిట్ మీద పోతే నూటికి నూరు మందీ సౌదీలే అవుతారు. అలాంటి ప్లాటినం నాకు వద్దు తమ్ముడూ. ఉండిపొమ్మని వాళ్ల నాన్నకు ఒక ఉత్తరం రాసి చూడండి, నంబరు వేసి.