కొత్త తెర మీద నీ ఆకాశం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పాత మానిటర్ నిన్న ఆగిపోయింది. ఈ మధ్యాహ్నం హోసూరులో కొత్తది కొనుక్కొచ్చి, నువ్వు ఆడే ఆట తెరిచాను.

ఆకాశమంతా పసుపు. ఏరూ, గడ్డీ, గట్టు మీద నిలబడ్డ నీ గుర్రమూ పసుపే.

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఏందమ్మా ఇది, కామెర్లు వచ్చినట్టుండాది? వాడు ఆడేటప్పుడు ఇట్ల లేదే!"

అప్పుడు అర్థమైంది. పాత మానిటర్‌లో అంతా నీలంగా కనిపించేది. ఆ నీలాన్ని తగ్గించడానికి నువ్వు ఆటకు తగిలించిన మాడ్‌లో, అదే ఆ రంగులు మార్చే చిన్న ప్రోగ్రాంలో, పసుపు పెంచుతూ పోయావు. ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో రంగు తేడాను కంటితోనే పట్టేవాడివి కదా, ఇక్కడా నీ కంటినే నమ్మావు. కావేరిపట్టణంలో మన ఏటి మీద తెల్లవారేటప్పటి ఆకాశం రావాలని నెల రోజులు కూర్చున్నావు. నేను విసుక్కుంటే, "ఇంగ రవ్వంత, పాపా. వస్తాది చూడు," అనేవాడివి.

మాడ్ తీసేస్తే ఆట మామూలుగా అయిపోతుంది. ఒక్క నొక్కు చాలు. నాకు ఓపిక లేదని నీకు తెలుసు, వేలు అక్కడిదాకా పోయింది కూడా.

నొక్కలేదు. మాడ్‌లో నువ్వు పెట్టిన అంకెలను ముట్టుకోకుండా, కొత్త మానిటర్ సెట్టింగుల్లో నీలం పెంచుతూ కూర్చున్నాను. పసుపు మెల్లగా కరిగింది. నీళ్ల మీద మంచు తేలింది. గుర్రం తెల్లబడింది.

"కొత్తదాన్ని పాతదాని మాదిరి పాడు చేసినావు కదమ్మా," అంది అమ్మ. అంటూనే నా పక్కన కూర్చుని, తెరకేసి కళ్లు చికిలించింది.

"రవ్వంత ఎక్కువైంది. తగ్గించు."

ఒక్క గీత తగ్గించాను. మన ఏటి మీద తెల్లవారింది.