చెప్పుల బొమ్మ

అత్తమ్మా, నువ్వు కూరగాయలకు వెళ్ళాక ఇంట్లో మామ, అమ్మమ్మ, నేను మిగిలాం. పప్పు పొయ్యి మీద ఉంది, పోపు పెట్టుకో. సున్నం డబ్బా నేను దుకాణానికి తీసుకెళ్తున్నాను, వెతకకు.

మామ నీకు చెప్పి ఉండడు. లాక్‌డౌన్ తర్వాత నిన్న ఆబిడ్స్‌లో మన లేసుల దుకాణం తెరిచాం కదా. వచ్చినవాళ్ళు ఎడంగా నిలబడాలని ముందర ముగ్గుపిండితో గుండ్రాలు గీశాను. చెయ్యి ఊరుకోక చుట్టూ రేకులు కూడా వేశాను. "ముగ్గు ఎట్ల తొక్కుతం బిడ్డా?" అంటూ అందరూ పక్కనే గుంపుగా నిలబడ్డారు. పోలీసాయన చూసి, "రేపు గూడ గిట్లనే ఉంటే షట్టర్ దించుడే" అన్నాడు. మామ చీపురు తెచ్చి ఆ ముగ్గంతా తనే ఊడ్చేశాడు. తిట్టినా బాగుండేది.

పాదాలు గీస్తే లక్ష్మీపాదాలని మొక్కుతారు. అందుకే చెప్పుల బొమ్మలు గీస్తాను. వాటి మీదైనా నిలబడతారా?

ఆగు, ఇంకోటి. ఇప్పుడే మన గడప బయట ఒక జత గీసి చూశాను. అమ్మమ్మ బయటికొచ్చి, "ఇంటి ముంగట చెప్పులేందే, సిగ్గులేదా!" అని తిట్టి, నా మొహం మీదే తలుపేసింది. అందుకే చీటీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

తిట్టినంతసేపూ ఆ చెప్పుల మీదే నిలబడింది అత్తమ్మా!